ఒక్క మందూ వాడని పసిబిడ్డకి మందులకి లొంగని ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బాబు 31 వారాలకే పుట్టాడు, బరువు 1.4 కిలోలు. మొదటి నాలుగైదు రోజులు బాగానే ఉన్నాడు. ఆరో రోజు ట్యూబ్‌లో ఇచ్చే పాలు అరగక పొట్ట ఉబ్బింది, మధ్యమధ్యలో ఊపిరి ఆగడం మొదలైంది. రక్తం కల్చర్‌కి (అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) పంపితే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. మొదట ఇచ్చిన రెండు యాంటీబయోటిక్స్‌కి అది లొంగదని రిపోర్టు వస్తే మెరోపెనెమ్ అనే ఇంకా బలమైన మందుకి మార్చారు, ఇప్పుడు కొలిస్టిన్ అనే మందు మాట కూడా వినపడుతోంది. "పుట్టి వారమైనా కాకముందే, జన్మలో ఒక్క మాత్ర మింగకుండానే, మందులకి లొంగని ఇన్ఫెక్షన్ వీడికెలా వచ్చింది? ఆస్పత్రి తప్పా? వేరే చోటికి తీసుకెళ్ళాలా? మేం చేయగలిగింది ఏమన్నా ఉందా?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తా. రెసిస్టెన్స్, అంటే మందుకి లొంగని గుణం, వచ్చింది బాబుకి కాదు, ఆ బ్యాక్టీరియాకి. అది బాబు ఒంట్లోకి వచ్చేముందే మందులని తట్టుకోవడం నేర్చుకుని వచ్చింది, ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది మీద వాడిన యాంటీబయోటిక్స్ మధ్య బతికి బట్టకట్టిన రకం అది. కాబట్టి బాబు ఏం వాడాడు, వాళ్ళమ్మ గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నది, ఏం మందు వేసుకుంది అని వెతుక్కుంటూ కూర్చోకండి, ఈ దశలో దానివల్ల ఒరిగేదేం లేదు. ఆస్పత్రి మార్చే విషయం: ఊపిరికి మెషిన్ సాయం మీద, బీపీ మందుల మీద ఉన్న బిడ్డని కదిలించడం చాలాసార్లు ఇన్ఫెక్షన్ కంటే ప్రమాదం, కాబట్టి తొందరపడొద్దు, కింద ఇంకొంచెం వివరంగా రాస్తా. ఇక మీరు చేయగలిగింది ఉందా అంటే చాలా ఉంది, మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువే.

నేను చాలా ఏళ్ళుగా ఎన్ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) పనిచేస్తున్న పిల్లల డాక్టర్ని. మీ బాబుని నేను చూడలేదు కాబట్టి మందు మార్చమనో ఆపమనో ఇక్కడినుంచి చెప్పను, అది మంచం పక్కన నిలబడి చూస్తున్న డాక్టర్ చెప్పాల్సిన మాట. అసలు లోపల ఏం జరుగుతోంది, ఏం అడగాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది మాత్రం చెప్తా.

ఇంత చిన్న బిడ్డకే ఎందుకు?

తల్లి రక్తంలోని రక్షణ యాంటీబాడీలు బిడ్డకి ఎక్కువగా చేరేది ఆఖరి రెండు మూడు నెలల్లోనే, ముఖ్యంగా 32 వారాలు దాటాక. 31 వారాలకి పుట్టిన బిడ్డ ఆ వాటా అందకముందే బయటికి వచ్చేశాడు. చర్మం పల్చగా ఉంటుంది, పేగు గోడ ఇంకా గట్టిపడలేదు, దానికి తోడు మనమే బతికించడానికి బొడ్డులో ఒక లైన్, చేతిలో కాన్యులా, ముక్కులో ట్యూబ్ పెడతాం. అవి లేకుండా బతకడు, అవి ఉన్నంతసేపూ బ్యాక్టీరియాకి దారి తెరిచి ఉంటుంది, ఈ రెండూ నిజమే.

పుస్తకాల్లో పుట్టిన 72 గంటల లోపు వచ్చే ఇన్ఫెక్షన్‌ తల్లి నుంచి వచ్చిందనీ, తర్వాత వచ్చేది ఆస్పత్రి నుంచి వచ్చిందనీ రాసి ఉంటుంది. పాశ్చాత్య దేశాల లెక్కలకి అది చాలావరకు సరిపోతుంది, అక్కడ మొదటి మూడు రోజుల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ.కోలి ఎక్కువ కనిపిస్తాయి. కానీ ఢిల్లీలో మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 వరకు చేసి 2016లో ప్రచురించిన స్టడీలో వేరేలా తేలింది. ఐసీయూలో చేరిన 13,530 మంది శిశువుల్లో 14.3 శాతం మందికి సెప్సిస్ (ఒళ్ళంతా ప్రభావం చూపే తీవ్రమైన ఇన్ఫెక్షన్) వచ్చింది, అందులో మూడింట రెండొంతులు 72 గంటల లోపే వచ్చాయి, దొరికిన బ్యాక్టీరియాల్లో ముందున్నవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి. అంటే పుట్టిన కొన్ని గంటల్లోనే, బహుశా ప్రసవం గదిలోనే ఆస్పత్రి రకం బ్యాక్టీరియా బిడ్డని చేరుతోంది. ఆ స్టడీలో అసినెటోబాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం మూడు, అంతకన్నా ఎక్కువ మందుల కుటుంబాలకి లొంగనివి. మీ బాబు రిపోర్టు మీకు పిడుగులా అనిపించి ఉంటుంది, మాకు మాత్రం అది రోజూ ఎదురయ్యే విషయమే, అందుకే మీ డాక్టర్ మొహంలో మీకు ఆశ్చర్యం కనపడలేదు, అది నిర్లక్ష్యం అనుకోకండి.

ఆ బ్యాక్టీరియా మందుని ఎలా తట్టుకుంటోంది?

క్లెబ్సియెల్లా చేసే ముఖ్యమైన పని మందుని విరగ్గొట్టే ఎంజైమ్ తయారు చేసుకోవడం. ఈఎస్‌బీఎల్ అనే రకం ఎంజైమ్ ఉంటే యాంపిసిలిన్, సెఫొటాక్సిమ్ లాంటివి పనిచేయవు, అప్పుడు మెరోపెనెమ్ వైపు వెళ్తాం. కార్బపెనెమేజ్ అనే ఎంజైమ్ ఉంటే మెరోపెనెమ్ కూడా విరిగిపోతుంది, 2009లో మొదటిసారి వర్ణించిన ఎన్‌డీఎం ఈ జాతిదే. భయపెట్టే సంగతి ఏంటంటే ఈ ఎంజైమ్ తయారుచేసే జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది, పరీక్ష హాల్లో చీటీ అందించినట్టు ఒక బ్యాక్టీరియా పక్కదానికి దాన్ని అందించేస్తుంది, పక్కది వేరే జాతిదైనా సరే. ఒకే చీటీ మీద నాలుగైదు మందులకి జవాబులు రాసి ఉంటాయి, కాబట్టి మనం ఒక మందు ఎక్కువ వాడితే మిగతా మందులకి కూడా లొంగని రకమే మిగిలి పెరుగుతుంది.

ఇక అది ఉండే చోట్లు చెప్తా, ఎందుకంటే "ఎలా వచ్చింది" అన్న మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. క్లెబ్సియెల్లాకి తడి ఇష్టం. సింకు కింద డ్రెయిన్ పైపులో, వెంటిలేటర్ తేమ నీళ్ళలో, సక్షన్ ట్యూబ్‌లో, సరిగ్గా ఆరబెట్టని బ్రెస్ట్ పంపులో, ఒకే సీసాలోంచి పదిమందికి తీసే సెలైన్‌లో హాయిగా బతుకుతుంది. పిల్లల పేగుల్లో, పెద్దవాళ్ళ పేగుల్లో ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది. అక్కడినుంచి ఒక బిడ్డ దగ్గర్నుంచి ఇంకో బిడ్డ దగ్గరికి దాన్ని మోసుకెళ్ళేవి ఎక్కువగా చేతులే. ముందు పేగులో చేరుతుంది, కొన్ని రోజులు ఊరుకుంటుంది, పేగు గోడ బలహీనపడ్డప్పుడో లైన్ ద్వారానో రక్తంలోకి దిగుతుంది.

మా యూనిట్‌లో ఒకసారి వరసగా పిల్లలకి క్లెబ్సియెల్లా వచ్చింది, రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మందుకి లొంగుతుంది ఏ మందుకి లొంగదు అన్న వరస అందరిలో ఒకటే, అంటే ఒకే మూలం నుంచి వస్తోందన్నమాట. గోడలు, వార్మర్లు (బిడ్డని వెచ్చగా ఉంచే మంచాలు), నీళ్ళు అన్నీ స్వాబ్ చేశాం. చివరికి మందులు కలపడానికి వాడే సెలైన్ సీసాలో దొరికింది, పొద్దున తెరిచిన సీసాని రాత్రి దాకా అందరికీ వాడుతున్నారు. దాన్ని ఆపి, ఒక్కో బిడ్డకి ఒక్కో చిన్న ఆంప్యూల్ మొదలుపెట్టాక కొత్త కేసులు ఆగిపోయాయి. ఏ కొత్త యాంటీబయోటిక్ వల్లా అవి ఆగలేదు. ఆ తర్వాత నుంచి కొత్తగా చేరిన ప్రతి సిస్టర్‌కీ, ప్రతి జూనియర్ డాక్టర్‌కీ మొదటి రోజే నేను ఈ సంగతి చెప్తా.

కల్చర్ రిపోర్టు ఎలా చూడాలి

చాలామంది తల్లిదండ్రులు సీఆర్పీ (ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ఒక రక్త పరీక్ష) అంకె పట్టుకుని రోజూ లెక్కపెట్టుకుంటారు. సీఆర్పీ పెరగడానికి ఇన్ఫెక్షన్ మొదలయ్యాక 10, 12 గంటలు పడుతుంది, కష్టమైన కాన్పు తర్వాత కూడా పెరుగుతుంది, కాబట్టి ఒక్కసారి చూసిన అంకెకి పెద్ద విలువ లేదు. 24 గంటల తేడాతో రెండుసార్లు మామూలుగా వస్తే మాత్రం ఇన్ఫెక్షన్ లేదని చాలావరకు నమ్మొచ్చు, దానికి అది బాగా పనికొస్తుంది. అసలు నమ్మాల్సింది కల్చర్. దానికి కనీసం 1 మిల్లీలీటర్ రక్తం కావాలి, "ఇంత చిన్న బిడ్డ దగ్గర అంత రక్తమా" అని మీకు గుండె చివుక్కుమంటుంది, తెలుసు, కానీ రెండు చుక్కలు తీస్తే బ్యాక్టీరియా ఉన్నా దొరక్కపోవచ్చు, అప్పుడు ఏ మందు ఇవ్వాలో తెలియక గుడ్డిగా నాలుగు మందులు ఇవ్వాల్సి వస్తుంది. రక్తం యాంటీబయోటిక్ మొదలుపెట్టే ముందే తీయాలి. ఆటోమేటిక్ మెషిన్లలో పెరిగేవి చాలావరకు 24 నుంచి 36 గంటల్లోనే పెరిగిపోతాయి, 48 గంటలకి దాదాపు అన్నీ బయటపడతాయి.

రిపోర్టులో ఒక్కో మందు ఎదురుగా సెన్సిటివ్, ఇంటర్మీడియెట్, రెసిస్టెంట్ అని ఉంటుంది. సెన్సిటివ్ అని రాసినంత మాత్రాన అన్నీ అయిపోయినట్టు కాదు. ఆ మందు ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరాలి కూడా, ఉదాహరణకి కొలిస్టిన్ మెదడు చుట్టూ ఉండే నీళ్ళలోకి సరిగ్గా వెళ్ళదు, మెరోపెనెమ్ వెళ్తుంది. అందుకే మీ డాక్టర్ వెన్నులోంచి నీళ్ళు తీయాలి అంటే భయపడి వద్దనకండి. రక్తంలో క్లెబ్సియెల్లా దొరికిన బిడ్డకి మెనింజైటిస్ (మెదడు పొరలకి ఇన్ఫెక్షన్) ఉందో లేదో తేలకపోతే డోసూ తెలీదు, రోజులూ తెలీవు. రక్తం వరకే అయితే సాధారణంగా 10 నుంచి 14 రోజులు, ఇలాంటి బ్యాక్టీరియాతో మెనింజైటిస్ అయితే కనీసం 21 రోజులు. బీపీ పడిపోతున్న బిడ్డకి ఆ పరీక్ష ఒకటి రెండు రోజులు వాయిదా వేస్తాం, అది వేరే సంగతి, కానీ మర్చిపోకూడదు.

ఇంకో మాట, మీ బాబుకి వర్తించదు గానీ ఇది చదివే మిగతావాళ్ళకి పనికొస్తుంది. రిపోర్టులో కోయాగ్యులేజ్ నెగటివ్ స్టఫైలోకోకస్ అని వస్తే అది చర్మం మీద మామూలుగా ఉండేది, రక్తం తీసేటప్పుడు సీసాలోకి జారి ఉండొచ్చు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నటి గొట్టం) ఉన్న చిన్న బిడ్డల్లో నిజంగా జబ్బు చేసేదీ అదే. బిడ్డ ఎలా ఉన్నాడు, ఎన్ని గంటలకి పెరిగింది, రెండో కల్చర్‌లో వచ్చిందా అన్నవి చూసి తేల్చాలి, కాగితం ఒక్కటే చూసి రెండు వారాలు వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఎక్కించడం సరికాదు.

"మొదటే బలమైన మందు ఇచ్చి ఉంటే?"

ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ మీ మెసేజ్‌లో వరసల మధ్య కనిపించింది, నా దగ్గరికి వచ్చే ప్రతి తండ్రీ ఏదో ఒక రోజు అడుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ మొదటి మందుగా చెప్పేది యాంపిసిలిన్ లేదా పెన్సిలిన్‌తో కలిపి జెంటామైసిన్. చాలా యూనిట్లలో వాటికి లొంగని బ్యాక్టీరియా ఎక్కువైపోయింది, అది నిజం, అందుకే ప్రతి యూనిట్ తన సొంత కల్చర్ లెక్కలు చూసుకుని మొదటి మందు నిర్ణయించుకోవాలి. అలాగని అనుమానం ఉన్న ప్రతి బిడ్డకీ మొదటే మెరోపెనెమ్ వేస్తే ఏమవుతుందంటే, అనుమానంతో మందు మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమందికి అసలు ఇన్ఫెక్షనే ఉండదు, వాళ్ళ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి మెరోపెనెమ్‌కి లొంగనిది ఒక్కటే మిగులుతుంది, అది పక్క వార్మర్‌లో బిడ్డకి చేరుతుంది. రేపు అదే వార్డులో చేరే బిడ్డకి మందే ఉండదు. ఆ బిడ్డ ఎవరో నాకూ తెలీదు మీకూ తెలీదు, కానీ వస్తాడు.

ఆ బిడ్డ సంగతి పక్కనపెట్టినా, మందు వాడిన బిడ్డకి కూడా నష్టమే. అమెరికాలో 1000 గ్రాముల లోపు పిల్లల మీద 2009లో వచ్చిన స్టడీలో, కల్చర్ నెగటివ్ అయినా పుట్టినప్పటినుంచి అయిదు రోజులు, అంతకన్నా ఎక్కువ యాంటీబయోటిక్స్ ఇచ్చిన పిల్లల్లో పేగు కుళ్ళే జబ్బు లేదా చావు ఎక్కువగా కనిపించాయి. సెఫొటాక్సిమ్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లు ఎక్కువ రోజులు వాడిన చోట రక్తంలో ఫంగస్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందుకే కల్చర్ 36 నుంచి 48 గంటలకి నెగటివ్‌గా ఉండి, బిడ్డ హుషారుగా ఉంటే మందు ఆపేయాలి. ఆపేటప్పుడు ఇంట్లోవాళ్ళు భయపడతారు. మొన్నామధ్య ఒక పాప నానమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇంకో మూడు రోజులు వెయ్యండి బాబూ, పోయేదేముంది" అంది. ఆవిడని కూర్చోబెట్టి పోయేదేంటో చెప్పాను, పాప పాలు అరుగుతున్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది, కల్చర్ నెగటివ్, ఇంక ఆ మందు పాప పేగుని పాడుచేయడం తప్ప చేసేదేం లేదు అని. ఆపేశాం, పాప బాగానే ఇంటికెళ్ళింది. మందు మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో సమయానికి ఆపడానికి అంతకంటే ఎక్కువ కావాలి, ఆ ధైర్యం ఉన్న డాక్టర్ని అనుమానించకండి.

ఇప్పుడు మీ బాబు విషయంలో వినపడుతున్న కొలిస్టిన్. ఇది 1950ల చివర్లో వాడకంలోకి వచ్చిన పాత మందు, కిడ్నీల మీద ప్రభావం వల్ల 1970ల తర్వాత దాదాపు పక్కన పెట్టేశారు, మిగతావి పనిచేయడం మానేశాక మళ్ళీ బయటికి తీశారు. నెల తక్కువ పిల్లల్లో దాని డోసు మీద పెద్ద స్టడీలు లేవు. అయినా వాడతాం, ఎందుకంటే కొన్నిసార్లు వేరే దారి ఉండదు, కిడ్నీ టెస్టులూ మూత్రం లెక్కా చూసుకుంటూ వాడతాం, చాలామంది పిల్లలు దాంతోనే బయటపడ్డారు. దానికి కూడా లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువుని 2015లో చైనాలో కనుక్కున్నారు, అదీ ప్లాస్మిడ్ మీదే ఉంది. మన దగ్గర మిగిలిన మందులు ఎంత తక్కువో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

2018 నుంచి 2020 వరకు 11 దేశాల్లో 19 ఆస్పత్రుల్లో 3,204 మంది సెప్సిస్ అనుమానం ఉన్న శిశువుల్ని గమనించిన నియోఆబ్స్ స్టడీ 2023లో వచ్చింది. అక్కడా ఎక్కువగా దొరికింది క్లెబ్సియెల్లానే. డాక్టర్లు వాడిన యాంటీబయోటిక్ కాంబినేషన్లు 200కి పైగా ఉన్నాయి, ఎవరికీ ఖచ్చితంగా ఏది మంచిదో తెలియకపోవడం వల్లే అన్ని రకాలు. రక్తంలో బ్యాక్టీరియా నిజంగా దొరికిన పిల్లల్లో 17.7 శాతం మంది చనిపోయారు. ఈ అంకె రాయాలా వద్దా అని ఆలోచించాను, మీరు ఎలాగూ రాత్రంతా నెట్‌లో వెతుకుతూ ఉంటారు, అందుకే రాస్తున్నా: అదే అంకె అటువైపు నుంచి చూస్తే వందలో 82 మంది బతికారు, వాళ్ళలో మొదటి మందు పనిచేయని పిల్లలు కూడా ఉన్నారు. ఫాస్ఫోమైసిన్, ఫ్లోమోక్సెఫ్, అమికాసిన్ లాంటి పాత మందులని జతలుగా కలిపి మొదటి మందుగా వాడొచ్చా అని నియోసెప్1 అనే ట్రయల్ ఆఫ్రికాలో మొదలైంది. కొత్త మందుల్ని పసిపిల్లల మీద పరీక్షించడం ఎప్పుడూ చివర్లోనే జరుగుతుంది, అది మా వృత్తిలో నన్ను చాలా బాధపెట్టే విషయం.

అదనంగా ఇచ్చే ఇంజెక్షన్లు

ఎవరైనా ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల) ఇంజెక్షన్ వేస్తే ఇన్ఫెక్షన్ తగ్గుతుందని చెప్తే, ఇల్లు తాకట్టు పెట్టి మరీ తెస్తారు. 9 దేశాల్లో 3,493 మంది శిశువుల మీద దాన్ని పరీక్షించారు, 2011లో ఫలితం వచ్చింది, చావులోగానీ తర్వాత రెండేళ్ళకి చూసిన వైకల్యంలోగానీ ఏ తేడా లేదు. లాక్టోఫెర్రిన్ (పాలలో ఉండే ఒక ప్రోటీన్) పొడి కూడా 2019లో బ్రిటన్‌లో 2,203 మంది మీద చేసిన ట్రయల్‌లో ఇన్ఫెక్షన్లని తగ్గించలేదు. ప్రోబయోటిక్స్ (మంచి బ్యాక్టీరియాని మందులా ఇవ్వడం) సంగతి ఇంకా వాదనలో ఉంది, కొన్ని యూనిట్లు ఇస్తాయి, 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నెల తక్కువ పిల్లలకి ఇవ్వడం మీద హెచ్చరిక జారీ చేసింది, కాబట్టి మీ అంతట మీరు బయట కొని ఇవ్వమని అడగొద్దు.

మీరు చేయాల్సినవి

పాలు. వాళ్ళమ్మ పాలు ఎంత తక్కువ వచ్చినా సరే, రోజుకి 5 మిల్లీలీటర్లే అయినా సరే, పిండి తీసుకెళ్ళండి. పొట్ట ఉబ్బి ఉంటే డాక్టర్ కొన్నాళ్ళు పాలు ఆపుతారు, అప్పుడు కూడా పిండడం మానొద్దు, మానితే పాలు ఎండిపోతాయి, మళ్ళీ మొదలుపెట్టే రోజుకి ఉండవు. రోజుకి కనీసం ఏడెనిమిది సార్లు, రాత్రి ఒక్కసారైనా. పంపు వాడితే ప్రతిసారీ కడిగి, మరిగించి, పూర్తిగా ఆరనివ్వాలి, తడి పంపు గురించి పైన చెప్పాను.

చేతులు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి మోచేతి దాకా కడుక్కుని వెళ్ళాలి, బిడ్డని ముట్టుకునే ముందు ప్రతిసారీ హ్యాండ్ రబ్ 20 నుంచి 30 సెకన్లు ఆరేదాకా రుద్దాలి. ఫోన్ లోపలికి వద్దు. ఒకసారి చేతులు శుభ్రం చేసుకున్నాక ఫోన్ ముట్టుకుంటే మళ్ళీ మొదటికి వచ్చినట్టే. ఎవరైనా, డాక్టరైనా సరే, చేతులు శుభ్రం చేసుకోకుండా బాబు మీద చెయ్యి వేయబోతే "ఒక్క నిమిషం, శానిటైజర్ వేసుకుంటారా" అని అడగండి. కొందరికి కోపం వస్తుంది. పరవాలేదు, అడగండి. నన్ను ఒకావిడ అలాగే ఆపింది, పక్క బిడ్డ దగ్గర్నుంచి వస్తున్నాననీ రబ్ అక్కడే వేసుకున్నాననీ చెప్పి, ఆవిడ ముందు ఇంకోసారి వేసుకున్నాను, ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

కంగారూ కేర్. బాబు కాస్త కుదుటపడగానే వాళ్ళమ్మ ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చో రోజూ అడగండి. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్‌ ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 1 నుంచి 1.799 కిలోల మధ్య బరువున్న 3,211 మంది పిల్లల మీద జరిగింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెట్టిన పిల్లల్లో నెల లోపు చావులు 15.7 నుంచి 12 శాతానికి తగ్గాయి, సెప్సిస్ అనుమానాలు కూడా తగ్గాయి. మీ బాబు బరువు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. వాళ్ళమ్మ చర్మం మీది బ్యాక్టీరియా బిడ్డ ఒంటి మీద చేరడం, వార్డు బ్యాక్టీరియా చేరడం కంటే వెయ్యి రెట్లు నయం. మీరు కూడా చేయొచ్చు, తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది.

డాక్టర్ని అడగాల్సినవి మర్యాదగా ఇలా అడగండి: లైన్ ఇంకా అవసరమా, ఎప్పుడు తీస్తారు? కల్చర్ మళ్ళీ ఎప్పుడు పంపుతారు? వెన్నులోంచి తీసే మెదడు నీళ్ళ పరీక్ష అయిందా? మందు ఎన్ని రోజులు అనుకుంటున్నారు, ఏది చూసి ఆపుతారు? ఇన్ఫెక్షన్ ఉన్న రక్తంలో సెంట్రల్ లైన్ అలాగే ఉంటే ఎంత మంచి మందైనా ఓడిపోతుంది, కాబట్టి మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. సరైన మందు మొదలుపెట్టిన 48 గంటలకి మళ్ళీ పంపిన కల్చర్ నెగటివ్ వస్తే నాకు సగం బరువు దిగినట్టు ఉంటుంది.

ఆస్పత్రి తప్పా?

ఎన్ఐసీయూలో ఇన్ఫెక్షన్ వచ్చిందంటే ఎవరో నిర్లక్ష్యం చేశారని వెంటనే అనలేం, ఎంత బాగా నడిచే యూనిట్‌లోనైనా కొందరికి వస్తుంది. అలాగని "నెల తక్కువ పిల్లలకి ఇది మామూలే" అనే మాట దగ్గర ఆగిపోవడం కూడా నాకు నచ్చదు, వీటిలో చాలావరకు ఆపగలిగినవే. ఒక సిస్టర్ ఒకేసారి ఎంతమంది పిల్లల్ని చూస్తోంది, ప్రతి వార్మర్ దగ్గర హ్యాండ్ రబ్ సీసా నిండుగా ఉందా, ఒక వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెడుతున్నారా, మందు ఎక్కించే ముందు లైన్ మూతని స్పిరిట్‌తో కనీసం 15 సెకన్లు తుడుస్తున్నారా, మీ ప్రశ్నలకి జవాబు చెప్తున్నారా కసురుకుంటున్నారా, ఇవి చూడండి. ఇవి బాగుంటే అక్కడే ఉండండి. ఇవేవీ లేకపోయినా, కల్చర్ చేసే సౌకర్యం గానీ వెంటిలేటర్ గానీ లేకపోయినా అప్పుడు మార్చడం గురించి ఆలోచించాలి. మార్చాల్సి వస్తే ముందు అటువైపు డాక్టర్‌తో మీ డాక్టర్ మాట్లాడాలి, బెడ్ ఖాయం చేసుకోవాలి, ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్, ఆక్సిజన్, తోడు డాక్టర్ లేదా సిస్టర్ ఉండాలి, కల్చర్ రిపోర్టు కాపీ మీ చేతిలో ఉండాలి. మామూలు అంబులెన్స్‌లో బట్టలో చుట్టుకుని తీసుకెళ్ళిన బిడ్డలు చల్లబడిపోయి రావడం చాలాసార్లు చూశాను.

బాబు కోలుకుంటున్నాడని ముందుగా చెప్పేది అంకెలు కాదు, సిస్టర్లే. "ఇవాళ కాళ్ళు ఆడిస్తున్నాడండీ, ట్యూబ్ పీకుతున్నాడు" అంటారు, చర్మం మీద మరకలు పోయి గులాబీ రంగు వస్తుంది, పాలు అరగడం మొదలవుతుంది, ఊపిరి ఆగడం తగ్గుతుంది. ప్లేట్‌లెట్స్ పెరగడానికి మాత్రం వారం పైన పట్టొచ్చు, దానికి కంగారుపడకండి.

డిశ్చార్జ్ రోజు వాడిన మందుల పేర్లు, ఎన్ని రోజులు, కల్చర్ రిపోర్టు, తల స్కానింగ్ రిపోర్టు అన్నీ రాయించుకోండి, తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా అవి చూపించాలి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి చెవి మీద ప్రభావం చూపిస్తాయి, ఇన్ఫెక్షన్ కూడా చూపిస్తుంది. ఐసీయూలో అయిదు రోజులకి మించి ఉన్న బిడ్డకి ఓఏఈ అనే వినికిడి పరీక్ష ఒక్కటే సరిపోదు, బెరా అనే ఇంకో వినికిడి టెస్ట్ చేయించాలి, అది బాగా వచ్చినా 9 నెలల లోపు ఇంకోసారి వినికిడి చూపించండి. చాలామంది బిడ్డ బతికాడన్న సంతోషంలో దీన్ని వదిలేస్తారు, రెండేళ్ళకి మాటలు రావట్లేదని వస్తారు, అప్పటికి ఎంతో విలువైన సమయం పోయి ఉంటుంది.